ఇరవై అడుగుల పసుపు గీత

పోయిన బుధవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బళ్ళో ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు, నా ఫోను మోగింది. మా అత్త పనిచేసే క్లినిక్కు డాక్టరుగారు. "మీ అత్త ఇంకా రాలేదమ్మా. డ్రైవర్లు ఫారాలు పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నారు. ఫోను ఎత్తడం లేదు" అన్నారు. ముప్పై నాలుగేళ్ళలో అత్త ఎనిమిదిన్నరకి ఆ తలుపు తియ్యని పనిరోజు లేదు. తుపానుకి మా తొండియార్‌పేటలో మోకాలి లోతు నీళ్ళు నిలిచినప్పుడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిన మనిషి. డాక్టరుగారు ఇంకేమీ అనకపోయినా నాకు అర్థమైపోయింది.

నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కళ్ళద్దాలు తీసి, మడిచి, దిండు పక్కన పెట్టుకుంది. నిద్రలోనే గుండె ఆగిందని తరవాత చెప్పారు. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. బతికినన్నాళ్ళూ అంతేనని రాయాలని ఉంది గానీ, అది అబద్ధం. బతికినన్నాళ్ళూ చాలామందిని ఇబ్బంది పెట్టింది. అందరికంటే ఎక్కువ మా నాయనని.

అత్త అంటే మా నాయనకి చెల్లెలు. లారీలు, ట్రైలర్లు, బస్సులు నడిపేవాళ్ళు లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలంటే డాక్టరు సంతకం పెట్టిన ఫారం కావాలి. ఆ సంతకానికి ముందు కళ్ళు చూడాలి. హార్బరు నుంచి వచ్చే డ్రైవర్లకి మా వీధి చివర క్లినిక్కులో కళ్ళు చూసే పని అత్తది. రెండు కళ్ళూ విడివిడిగా చదవాలి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియాలి. ఇరవై ఐదు మీటర్ల దూరంలో ఆగిన బండి నంబరు పట్టపగలు చదివి చెప్పాలి. అన్నీ బాగుంటే అత్త ఫారం మూలన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేది. టిక్కు ఉంటే డాక్టరుగారు మారుమాట లేకుండా సంతకం పెట్టేవారు. టిక్కు లేకపోతే ఎవరు సిఫార్సు చేసినా పెట్టేవారు కాదు.

ఆమె గది పొడుగ్గా, ఇరుకుగా, నడవాలాగా ఉండేది. ఒక గోడకి అక్షరాల చార్టు. దానికి ఇరవై అడుగుల దూరంలో నేల మీద పసుపు రంగు గీత. గీత వెనక కాళ్ళు పెట్టుకుని నిలబడి చదవాలి. ఎంత చెప్పినా డ్రైవర్ల కాళ్ళు ఆగవు కదా, బొటనవేలు ముందు దాటుతుంది, తరవాత పాదం దాటుతుంది. ఆ గీతకి వెనక అంచు కొత్తగానే ఉండేది. ముందు అంచు అరిగి సిమెంటు బయటపడేది. ఏటా క్రిస్మస్ సెలవుల్లో అత్త ఒక చిన్న డబ్బా రంగు కొనుక్కొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తనే మళ్ళీ గీసేది. "ముందుకి జరిగితే నీ చూపు పెరగదప్పా, నా గీత అరుగుతాది, అంతే" అనేది వాళ్ళతో.

వాళ్ళు చేసే మోసాలన్నీ అత్తకి కంఠోపాఠం. పరీక్ష అయిపోయినవాడు టీ కొట్టు దగ్గర ఆగి, ఆఖరు వరస ఏమిటో లోపలికి పోబోయేవాడి చెవిలో ఊదేవాడు. అందుకని అత్త చార్టులు తనే రాసుకునేది. పాత క్యాలెండర్ల వెనక తెల్ల పక్క మీద, స్కేలు పెట్టి కొలిచి, నల్ల సిరాతో. ఇంగ్లీషు చదవనివాళ్ళకి తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగు చార్టులో ఆఖరు వరస నిండా ప, వ, స, మ, ష. "ఇవి అయిదూ తేడా చెప్పినోడికి రోడ్డు ఇచ్చేయొచ్చు" అనేది. వారానికో చార్టు మార్చేది.

ఒకసారి నేను అక్కడ ఉండగా, మీసాలు తిప్పుకుంటూ వచ్చిన ఒక ట్రైలరు డ్రైవరు గీత దగ్గర నిలబడి, అత్త అడగకముందే ఆఖరు వరస గడగడా చదివేశాడు. కళ్ళు కూడా చిట్లించలేదు. అత్త చార్టు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"శానా బాగా చదివినావప్పా. కాకపోతే అది పోయిన వారం చార్టు. ఇంట్లో ఉండాది, తెచ్చేదా?" అంది.

వరండాలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. కొత్త కళ్ళద్దాలు వేయించుకుని పదిరోజుల తరవాత వచ్చాడు, ఈసారి నిజంగానే చదివాడు. అత్తకి ఇలాంటివాళ్ళ మీద కోపం ఉండేది కాదు. "పాపం, పొట్ట తిప్పలు" అనేది. కానీ టిక్కు పెట్టేది కాదు. జాలి వేరు, టిక్కు వేరు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు అని చిన్నప్పుడు అడిగితే, "చూపులకొచ్చిన ప్రతివోడికీ కంటి పరీక్ష జేసినా. ఒక్కడూ పాసు కాలేదు" అంది. అసలు కారణం మా అమ్మ చెప్పింది. అత్తకి పదకొండేళ్ళప్పుడే మా తాత, నానమ్మ ఒకరి వెంట ఒకరు పోయారు. పద్దెనిమిదేళ్ళ నాయన లారీ ఎక్కాడు. చెల్లెల్ని చదివించాడు, కళ్ళు పరీక్ష చేసే కోర్సులో చేర్చాడు. తాను పెళ్ళి చేసుకుని, పిల్లలు పుట్టి, రెండు గదుల ఇంట్లో ఇరుక్కుని కూడా ఆమె ఫీజు ఆపలేదు. అన్న మీద ఇంకో ఖర్చు పెట్టడం ఇష్టంలేక ప్రతి సంబంధానికీ ఏదో వంక చెప్పిందట. ఆమె మొదటి జీతంతో నాయనకి చలవ కళ్ళద్దాలు కొనిపెట్టింది. నాయన వాటిని హార్బరు అంతా చూపించి, "మా పాప కంటి డాక్టరు" అని చెప్పుకున్నాడు. డాక్టరు కాదు అని అత్త ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చెల్లెల్ని పాపా అనే పిలిచేవాడు, ఆమెకి నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చాక కూడా.

ఇక ఆ రోజు సంగతి రాయక తప్పదు.

నేను కాలేజీలో చేరిన సంవత్సరం. నాయన లైసెన్సు గడువు దగ్గరికొచ్చింది. నా కళ్ళద్దాలు కూడా మార్చాలని అత్త అంది గనక ఇద్దరం కలిసి వెళ్ళాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెల్లెలి దగ్గరికే కదా, దారిలో వేరుశనగ ఉండలు కొన్నాడు. అంతకుముందు రెండు మూడుసార్లు ఇలాగే వచ్చి, ఇలాగే నవ్వుతూ టిక్కు వేయించుకుని పోయాడు.

గీత వెనక నిలబడ్డాడు. అత్త ఎడమకన్ను మూసుకోమంది. ఎడమ అరచేయి ఎత్తి మూసుకున్నాడు. పై వరస నుంచి కింది వరస దాకా తడుముకోకుండా చదివాడు. "సెరి, ఇప్పుడు రెండో కన్ను" అంది అత్త. నాయన చేయి దించాడు, కుడిచేయి ఎత్తాడు, మూసుకున్నాడు, మళ్ళీ తడుముకోకుండా చదివాడు.

అత్త పెన్సిలు ఫారం మీద ఆగిపోయింది. నాకేమీ తెలియలేదు.

"అన్నా," అంది మెల్లగా, "చెయ్యి మార్చినావు. కన్ను మార్చలేదు."

అప్పుడు చూశాను. నాయన కుడిచేయి ముఖం మీద అడ్డంగా పోయి మళ్ళీ ఎడమకన్ను మీదే ఉంది. రెండుసార్లూ చదివింది కుడికన్నే. నాయన చేయి తీసి నవ్వాడు. "మర్చిపోయినా పాపా. రాయి, నాకు కనపడతాది. నీకు తెలవదా ఏంది?" అన్నాడు.

"కుడికన్ను మూసి ఒక్క అక్షరం చెప్పన్నా. అన్నిటికంటే పైది, పెద్దది."

నాయన కుడికన్ను మూసుకున్నాడు. చార్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. అరచేయంత ఉన్న అక్షరం అది. తరవాత, "ఈ బల్బు సరిగ్గా లేదు" అన్నాడు.

అత్త లేచి వచ్చింది. వెనక కుర్చీలో ఉన్న నన్ను చప్పుడు కాకుండా లేపి నాయనకి ఎడమ పక్కన, ఒక్క అడుగు దూరంలో నిలబెట్టింది. నా చేయి పైకి ఎత్తించింది. "రెండు కళ్ళూ తెరువు. తల తిప్పకుండా చార్టు చూడన్నా. నీ బిడ్డ యాడుండాది?"

"నా ఎనక. కుర్చీలో" అన్నాడు నాయన.

నేను ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. నాయన చొక్కా ఇస్త్రీ వాసన నాకు తెలుస్తోంది. అంత దగ్గరగా ఉన్నాను.

"రోడ్డు మీద జనం నడిచేది నీ ఎడమ పక్కనే కదన్నా" అంది అత్త. "సైకిళ్ళు పోయేది ఆ పక్కనే. బడిపిల్లకాయలు నిలబడేది ఆ పక్కనే. కనపడలేదని ఒక్క మాట జెప్పు. పెద్దాస్పత్రికి నేనే తోడుకొని పోతా. మిగతాదంతా నేను చూసుకుంటా."

నాయన ఆ మాట చెప్పలేదు. ఫారం లాక్కుని బయటికి నడిచాడు. వేరుశనగ ఉండల పొట్లం అత్త బల్ల మీద ఉండిపోయింది.

పెద్దాస్పత్రిలో ఎడమకంటి నరం ఎండిపోయిందన్నారు. ఎప్పటి నుంచో షుగరు ఉంది, మందు సరిగ్గా వేసుకోలేదు. పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఒంటికన్నుతో పెద్ద బండి నడిపేందుకు రూలు లేదు. ఇంకో పేటలో ఇంకో చోట ఎవరైనా సంతకం పెడతారేమోనని స్నేహితులు చెప్పారు. నాయన వెళ్ళలేదు. అది మంచితనమో, చెల్లెలే కాదన్నాక ఇంకొకరు అవునన్నా తనకి వద్దనే పంతమో, నాకు ఇప్పటికీ తెలియదు. "నా స్టీరింగు మీద చదివింది, నా స్టీరింగే లాగేసింది" అని మాత్రం అమ్మతో అన్నాడు. ఆ తరవాత చెల్లెలి ఊసే ఎత్తలేదు. రెండు వీధుల అవతల ఉన్న మనిషితో పదిహేడేళ్ళు మాట్లాడలేదు. చర్చిలో ఆమె కుడిపక్క కూర్చుంటే తను ఎడమపక్క కూర్చునేవాడు. అలా కూర్చుంటే ఆమె కనబడుతుందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నేనూ తక్కువ తినలేదు. ఇంట్లో పొయ్యి ఆరిపోయే రోజులొచ్చినప్పుడు ఆమె ఇంటికి పోయి అరిచాను. "ఒక్క టిక్కు పెడితే నీ సొమ్మేం పోయేది? ఆయన లేకపోతే నువ్వెక్కడుండేదానివి?" అన్నాను. అనకూడని మాట అది. అత్త వింది. స్టవ్వు మీద పాలు పొంగుతుంటే దించింది. నాకు కాఫీ కలిపి ఇచ్చింది.

"ఆమా, నిజమే, ఆయన లేకపోతే నేను లేను" అంది. "అందుకే ఆయన చేతి కింద ఎవురి బిడ్డా పడకూడదు. నువ్వు ఏ పక్కన నిలబడినావో మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. అయినా ఆ కాఫీ తాగకుండా వచ్చేశాను.

నెలలోపే నాయనకి కంటెయినర్ యార్డులో గేటు దగ్గర పని దొరికింది. వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకునే పని. ఎవరో పాత డ్రైవరు చెప్పి పెట్టించాడని అమ్మ అనుకుంది. ఆ పాత డ్రైవరు ఎవరి చేత కళ్ళు చూపించుకునేవాడో నాకు తెలుసు. అత్త నన్ను పిలిచి, "ఇంట్లో నోరు జారినావంటే నీకు సోడాబుడ్డి అద్దాలు ఏసిస్తా, పెళ్ళికూడా గాదు" అని బెదిరించింది. నేను నోరు జారలేదు. నాయనకి తెలియదని మాత్రం అనుకోను. ఆ పని పదమూడేళ్ళు చేశాడు. ఒక్క రోజు కూడా దాని గురించి విసుక్కోలేదు. క్రిస్మస్‌కి అత్త పంపే కలకలాల డబ్బా, తీపి గవ్వల్లాంటివి, వస్తే, ఎవరు పంపారని అడగకుండా, అడుగు కనబడేదాకా తినేవాడు.

నేను టీచరునయ్యాక అత్త నాకొక తెలుగు చార్టు రాసిచ్చింది. "వెనక బెంచీలో కూర్చునే మొద్దు బిడ్డ ఉంటాది చూడు, ముందు ఆ బిడ్డని చదివించు. సగం మంది మొద్దులు కారు, బోర్డు కనపడదు, అంతే. కనపడలేదని చెప్పేదానికి భయం" అంది. ప్రతి జూన్‌లో ఆ చార్టు గోడకి తగిలిస్తాను. ఇరవై అడుగులు కొలిచి సుద్దముక్కతో గీత గీస్తాను. అత్త మాట నిజం. ఏడాదికి ముగ్గురో నలుగురో దొరుకుతారు. చెయ్యి మార్చి కన్ను మార్చని పిల్లలు కూడా దొరుకుతారు. ఏడేళ్ళ పిల్లకి పోగొట్టుకునేందుకు ఏ లైసెన్సు ఉందని!

రెండేళ్ళ కిందట నాయన కుడికన్ను కూడా మసకబారింది. పేపరు చదవడం మానేశాడు. ఏ ఆస్పత్రికి రమ్మన్నా రాలేదు. చివరికి ఒక పొద్దున, "మీ అత్త దగ్గరికి పోదాం పా" అన్నాడు. పదిహేడేళ్ళ తరవాత ఆ మాట. చేతికందిన చీర కట్టుకుని బయల్దేరాను.

అత్త నాయనని చూసి లేచి నిలబడింది. ఎలా ఉన్నావని అడగలేదు. ఆయనా అడగలేదు. నాయన నేరుగా పోయి గీత వెనక నిలబడ్డాడు. ఒక్క బొటనవేలు కూడా దాటనియ్యలేదు.

"ఎడమకన్ను మూసుకోన్నా. పై వరస చదువు."

చదివాడు.

"దాని కింద వరస."

సగం చదివాడు. ఇన్నేళ్ళకి అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్న మాటలు ఇవీ. నేను గోడకానుకుని విన్నాను.

"సెరి, ఇప్పుడు రెండో కన్ను" అంది.

నాయన చేయి దించాడు. కుడిచేయి ఎత్తాడు. అది ముఖం మీద అడ్డంగా పోయి మళ్ళీ ఎడమకన్ను మీదే ఆగింది. పై వరస చదివాడు.

డెబ్బైకి దగ్గరపడిన మనిషి. నడిపే బండి లేదు, రాయించుకునే లైసెన్సు లేదు. అత్త కాగితం మీద రాసింది. కుడికంటికి శుక్లం ముదిరింది, తీయించాలి అని నాకు చెప్పింది. తీయించాం, చూపొచ్చింది. ఆ రోజు నన్ను గుమ్మం దాకా సాగనంపి, "ఆయన నోట ఆ ఒక్క మాట వినాలని ఉండాది. నేను గెలిచేదానికి గాదు. ఇన్నేళ్ళు ఒక్కడే మోస్తాండాడు గదా, దించుకుంటాడని" అంది. తరవాత నాయన, ఆమె చర్చి బయట ఎదురుపడితే ఒకరికొకరు తల ఊపుకునేవాళ్ళు. అంతకంటే ముందుకి జరగలేదు. గీతకి ఇవతల ఒకరు, అవతల ఒకరు.

గురువారం సాయంత్రం అత్తని పెట్టెలో పెట్టి, ఇంట్లో చోటు చాలక వీధిలో షామియానా కింద ఉంచారు. వీధికి రెండు కొసలా ట్రైలర్లు, టెంపోలు ఆగిపోయాయి. ఎంతమంది డ్రైవర్లు వచ్చారో చెప్పలేను. ఆమె ఫెయిలు చేసినవాళ్ళు కూడా వచ్చారు. మీసాల ఆయన ఒకడు, ఇప్పుడు మీసం తెల్లబడింది, లావు కళ్ళద్దాలు, ఒక పక్కన నిలబడి చిన్నపిల్లాడిలాగా ఏడుస్తున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఆఖరుసారి చూసుకునేవాళ్ళు రండి అన్నారు.

నాయన ముందుకి రాలేదు. షామియానా అంచున, వీధి అరుగుకి ఇవతల ఆగిపోయాడు. డ్రైవర్లు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఆయనకీ పెట్టెకీ మధ్య ఖాళీ రోడ్డు. ఇరవై అడుగులు ఉంటుందేమో, నేను కొలవలేదు. నేను వెళ్ళి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. నేను వచ్చినట్టు ఆయనకి తెలియలేదు.

నాయన ఎడమచేయి ఎత్తి ఎడమకన్ను మూసుకున్నాడు. అలా కాసేపు చెల్లెల్ని చూశాడు. చేయి దించాడు. కుడిచేయి ఎత్తాడు. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు అనుకున్నాను. ముఖం దాకా వచ్చిన చేయి అడ్డంగా పోలేదు. కుడికన్ను మీద ఆగింది.

అలాగే పెట్టె వైపు తిరిగి నిలబడ్డాడు.

"కనపడలా పాపా" అన్నాడు. "ఏమీ కనపడలా."

నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. ఇరవై అడుగులూ నడిపించుకుని వెళ్ళాను. పెట్టె అంచు ఆయన ఎడమచేతికి తగిలేదాకా, మంచికన్ను మీద పెట్టిన ఆ చెయ్యి నాయన తియ్యలేదు.